నులక మంచం, సుజాత కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఖాజాగూడలో మా ఇంటికి పగలు తాళం వేసిన గుర్తు లేదు. దర్వాజ పక్కన నులక మంచం. దాని మీద మా నానమ్మ. అంతే కావలి.

బర్రెలు కొనే మనిషి వచ్చినా, మా మేనమామ వచ్చినా ఒకటే ప్రశ్న... "ఎవలు? ఎవల కోసం?" జవాబు నచ్చితేనే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేది. ఒకసారి మా బడి పంతుల్ని కూడా ఆపింది. "పిలగాడు అన్నం తింటుండు. తిట్టేదుంటే తిన్నంక తిట్టు సారూ" అంది.

ఆ మంచం మా తాతది. ఆయన దాని మీదే పోయాడు. దినాలు అయ్యాక పక్కింటి ఎల్లమ్మ వచ్చి, "పోయిన మనిషి మంచం ఇంట్ల ఉంచుకుంటరా వదినా? చెరువు కాడ పారెయ్యి" అంది.

నానమ్మ మర్నాడు పొద్దున్నే మంచాన్ని వాకిట్లో నిలబెట్టి నులక విప్పడం మొదలుపెట్టింది. తాత పడుకుని పడుకుని మధ్యలో గుంట పడిన నులక... ఒక్కో వరస విప్పుతూ, ఆగుతూ. నేను కొత్త నులక ఉండ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. సాయంత్రానికి మంచం బిగిసింది. కాళ్ళవైపు లాగి కట్టే తాడు మాత్రం పాతదే ఉంచింది.

"గది మార్చవా?" అన్నాను.

"గది ఉండనియ్యి. ఆయన గుంజి కట్టింది."

దర్వాజ పక్కన కావలి ఆ రోజు నుంచే.

ఈమధ్య ఆ మంచం మళ్ళీ గుర్తొచ్చింది.

మణికొండ ఫ్లాట్‌లో ఇప్పుడు నేను, మా అమ్మాయి కావ్య. నా భార్య సుజాత పోయిన ఎండాకాలంలో చనిపోయింది. బళ్ళో లెక్కలు చెప్పేది. ప్రశ్నపత్రాలన్నీ ఒక పాత కంప్యూటర్‌లో తయారు చేసుకునేది. అది మూలన, దుప్పటి కప్పి ఉంది.

పై అంతస్తు వాళ్ళ ఇంటి కెమెరాలోకి ఎవరో బయటివాళ్ళు చొరబడ్డారు. కావ్యకు భయం పట్టుకుంది. "నాన్నా, అమ్మ కంప్యూటర్‌ను ఫైర్‌వాల్ చేద్దాం" అంది. బయటి ఇంటర్నెట్ వైరు ముందు దాంట్లోకి వెళ్తుంది. ఎవరిని లోపలికి రానివ్వాలో అది చూసుకుంటుంది. కానీ ముందు అందులో ఉన్నదంతా చెరిపేయాలి.

ఫొటోలు, ప్రశ్నపత్రాలు కావ్య వేరే డిస్క్‌లోకి ఎత్తిపెట్టింది. రెండుసార్లు సరిచూసింది. అయినా నేను నాలుగు ఆదివారాలు వాయిదా వేశాను. ఆన్ చేస్తే ఆమె వదిలిన తెర అలాగే వస్తుంది... 'ఏడో తరగతి చివరిది', 'ఏడో తరగతి నిజంగా చివరిది' అని పేర్లు పెట్టిన ఫైళ్ళతో. చెరిపేస్తే అది ఇక రాదు.

ఐదో ఆదివారం, ఇంట్లోకి వెళ్ళే రెండో వైరు కోసం ఒక కార్డు పెట్టాలని కంప్యూటర్ పెట్టె మూత విప్పాను.

ప్రతి దసరాకు సుజాత దానికి బొట్టు పెట్టి అక్షింతలు వేసేది. "కన్నాల్లోంచి లోపలికి పోతాయి" అని నేను ఏటా గొణిగేవాణ్ణి. "పోనీండి. పనిచేసేది లోపలే కదా" అనేది.

అడుగున, దుమ్ములో... తొమ్మిది గింజలు. పసుపు ఇంకా పోలేదు.

కావ్య బ్రష్ అందుకుంది. "ఊడ్చెయ్యనా నాన్నా?"

"దుమ్ము వరకే."

గింజల్ని ఫ్యాన్‌కు దూరంగా ఒక మూలకు జరిపి మూత బిగించాను. తెర అడిగింది... ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని.

"నేను నొక్కనా?"

"వద్దమ్మా. నేనే విప్పాలి."

నొక్కాను.

ఇప్పుడది మా తలుపు పక్కన, చెప్పుల అలమర మీద ఉంది. మొదటి రోజే మా టీవీని ఆపేసింది. ఎవరిని రానివ్వాలో దానికి చెప్పే నియమాల్లో ఏది తప్పు రాశానో వెతుకుతుంటే కావ్య నవ్వింది... చాలా నెలల తర్వాత. "పరీక్షలప్పుడు అమ్మ చేసే పనే ఇది" అంది.

ఖాజాగూడలో మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద టవర్. గేటు దగ్గర ఫోన్‌కు వచ్చిన అంకెలు చెబితే లోపలికి వదులుతారు. ముఖం చూడరు. "పిలగాడు తింటుండు, ఆగు" అనేవాళ్ళు లేరు...

మీ ఇంట్లో దర్వాజ దగ్గర ఎవరు కూర్చునేవాళ్ళు? వచ్చినవాళ్ళను ఏమని అడిగేవాళ్ళు? వాళ్ళ మాటల్లోనే రాయండి... చదువుతాను.