పొట్టి చేసిన బల్ల

మా అయ్య వడ్రంగి. విజయనగరంలో మా వీధికి ఎవరు కొత్తగా వచ్చినా, వారం తిరక్కుండా ఆయన దగ్గర జమీందారు బంగళా బల్ల కథ వినాల్సిందే. దొరలు కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి చేసిన టేకు బల్ల అది. నాలుగు కాళ్ళకీ కింద సింహం పాదాలు, నడుమంతా ఆకుల తీగ. "ఆ బల్ల నాను సెక్కిందే" అనేవాడు. బంగళాకి బల్ల చేసిన మనిషి ఇంట్లో కూచోడానికి ఒక మంచి పీట లేదని మా అమ్మ దెప్పేది.

అరవైల చివర్లో బంగళా సామాను అమ్మేస్తుంటే ఆ బల్లని ఒక బెల్లం షావుకారు కొన్నాడు. కొన్నాక గాని ఆయనకి తెలిసిరాలేదు, దాని ముందు కుర్చీ వేసుకుని కూచోవాలని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పరుపు మీద బాసింపట్టు వేసుకుని వ్యాపారం చేసిన మనిషి. రెండు రోజులు కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూచుంటే పాదాలు పొంగిపోయాయట. అయ్య తర్వాత వడ్రంగం చేస్తున్నది నేనే కాబట్టి నాకు కబురు పెట్టాడు. కాళ్ళు కింద కోసేసి, పరుపు ముందు సరిపోయే ఎత్తుకి తెమ్మన్నాడు.

అప్పుడు అయ్య నెల్లిమర్లలో మా అక్క ఇంట్లో ఉన్నాడు. కళ్ళకి పొరలు కమ్మి పని మానేసి రెండేళ్ళయింది. ఆ పాదాలు కోస్తే ఊళ్ళో ఆయన పనితనానికి గుర్తే ఉండదనిపించింది. నాకు అసలే ముక్కు మీద కోపం. రంపం కింద పడేసి, ఈ పని నేను చెయ్యను, ఇంకెవరిచేతైనా చేయించుకోండి అన్నాను. షావుకారు నెమ్మదస్తుడు.

"పాదాలుంటే నాకేటి, నేకపోతే నాకేటి. బల్ల పొట్టిగా ఉండాల, అంతే" అన్నాడు.

ఆ మాటతో నాకు దారి దొరికింది. కాలు కింద కాకుండా నడుమ కోసి, అక్కడ అడుగు పొడవు ముక్క తీసేసి, పైభాగాన్నీ పాదాన్నీ లోపల కొయ్యమేకుతో కలిపేస్తే సరి. పూటలో అయ్యే పని నాలుగు రోజులు పట్టింది. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియకుండా చేశాను.

తీసేసిన ముక్కల మీద తీగ చూశాను. ఆ పాదాల ముందు అది వెలవెలబోయింది. ఒక కాలి మీద ఆకులు వంకరటింకరగా ఉన్నాయి, ఒకచోట ఉలి జారి గాటు కూడా పడింది. ఎవడో పని నేర్చుకునేవాడి చెయ్యి అనుకున్నాను. అయ్య వాణ్ణి నాలుగు తిట్టే ఉంటాడని నవ్వుకున్నాను కూడా. పనిలో మిగిలిన ముక్కలు వడ్రంగివే, అది మా వాడుక. నాలుగింటినీ గోనెలో వేసుకొచ్చి నీళ్ళపొయ్యి దగ్గర పడేశాను.

మర్నాడు సాయంత్రం అయ్య బస్సు దిగాడు. రాగానే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గాని, తీరిగ్గా చెప్పి మెప్పు పొందాలని ఆగాను. పొద్దున్నే అమ్మ ఆయనకి తలస్నానానికి నీళ్ళు కాచింది. అయ్య తల తుడుచుకుంటూ అరుగు మీద కూచున్నాక షావుకారు సంగతంతా చెప్పాను.

"ఏ కాడికి కోసినావు?" అన్నాడు.

"నడుమ. పాదాలు అలాగే ఉన్నాయయ్యా. నీ పనికి రంపం తగల్నీనేదు."

అయ్య తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాదాలు మా మేస్త్రీవిరా. నన్ను ఆటి దగ్గిరికి రానిచ్చేవోడు కాడు. తీగ నాది. మొదటి కాలు మీద ఆకులు వంకరొచ్చేసినాయి. నాలుగో కాలికొచ్చేసరికి సెయ్యి కుదిరింది."

బంగళా పనుల్లో ఒక్క బల్ల మీద ముగ్గురు నలుగురు పనిచేసేవారు. ఒకరి భాగం మీద ఇంకొకరు ఉలి పెట్టకూడదు. వడ్రంగి కొడుకుని, నాకు తెలియని సంగతి కాదు. అన్నీ తెలిసీ, బాగున్నదే మా అయ్యది అనుకున్నాను.

ఆ ముక్కలు ఏవని అడిగాడు. నేను పొయ్యి వైపు చూశాను గాని నా చూపు ఎటుందో ఆయనకి కనపడదు. నోటితో చెప్పక తప్పలేదు. చెప్పి, లేచి వెళ్ళి కర్రతో బూడిద కెలికాను. ఏళ్ళ తరబడి ఎండిన టేకు, పుల్ల కూడా మిగల్లేదు.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు ఈ బాధ మొయ్యకపోదును. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "అందుకేనేటి, ఈయేళ నీళ్ళు బాగా కాగినాయి" అన్నాడు.

ఆ నెలలోనే మా ఎదురింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. అయ్య వాళ్ళకి బల్ల కథ చెప్పలేదు.