కుక్కర్ రబ్బరుకు పట్టిన పాయ వాసన

కుక్కర్ మూతలోని రబ్బరుకు వాసన పడితే మా చుట్టాల్లో ఎవరైనా సరే నాకే ఫోన్ చేస్తారు. నిమ్మతొక్కలు వేసి రెండు విజిల్స్ రానివ్వండి, శనగపిండిలో ఉప్పు కలిపి రుద్దండి, ఎండలో పడేయండి అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేస్తాను. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచిది. చెప్పే ఓపికా లేదు, చెబితే నా పరువూ దక్కదు.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, టెస్టింగ్ అని కాగితాలు అంటించి ఉన్న రోజులవి. పొద్దున ఏడింటికి మైత్రీవనంలో నా క్లాసు. నలుగురు పట్టే బెంచీ మీద ఆరుగురం ఇరుక్కుని, ముందువాడి తల పక్కనుంచి బోర్డు చూస్తూ రాసుకునేవాళ్లం. నాతో గదిలో ఉండే అమ్మాయి పంజాగుట్టలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేది. మహబూబ్‌నగర్ వైపు ముస్లింల పిల్ల. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. క్లాసు బయట టీ బండి దగ్గర పరిచయమై, ఇద్దరం కలిసి గది వెతుక్కున్నాం.

మూడంతస్తుల పైన రేకుల కప్పు వేసిన ఒకే ఒక్క గది. దాన్ని పెంట్‌హౌస్ అనేవారు, ఏం పెంట్‌హౌసో ఏమో! అదైనా దొరకడానికి నెల రోజులు తిరిగాం. నా పేరు విని తలూపినవాళ్లే ఆమె పేరు వినగానే "మా చుట్టాలొస్తున్నారమ్మా" అని తలుపేసుకునేవాళ్లు. కింద ఉండే ఈ ఇంటావిడ ఒక్కతే ఒప్పుకుంది. వాళ్లు శాకాహారులు. షరతు ఒకటే పెట్టింది.

"మాంసం వాసనొచ్చిన్నాడే మీ సామాన్లు కిందికి దింపుత. అటెన్క నన్ను అనొద్దు."

మేమిద్దరం తినేవాళ్లమే. అయినా ఎనిమిది నెలలు కోడిగుడ్డు కూడా ఉడకబెట్టలేదు.

అప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఒంట్లో పిసరంత ఓపిక మిగల్లేదు. మూడంతస్తులు ఎక్కేసరికి కాళ్లు వణికి చివరి మెట్టు మీద కూలబడేదాన్ని. కోర్సు అయిపోవడానికి మూడు వారాలుంది, ఆ వెంటనే ఇంటర్వ్యూలు. ఇంటావిడ వాళ్లంతా యాదగిరిగుట్ట వెళ్లిన రోజున నా గదిలో అమ్మాయి సెలవు పెట్టి, మేకకాళ్లు కొట్టించుకొచ్చి, నా కుక్కర్లో పాయ పెట్టింది.

"ఆంటీకి తెలిస్తే మన గతేంటి?" అన్నాను పడుకునే.

"పొద్దుగూకే దాంక రారు. నువ్వు ఫికర్ చెయ్యకు. మా ఇంట్ల జొరమొచ్చి లేస్తే గిదే తాగిస్తరు. మస్తు తాకత్ వస్తది, తాగు."

రెండు గిన్నెలు తాగాను. మిరియాల ఘాటుకు ముక్కు కారింది, చెమట పట్టింది. నెల తర్వాత నా నాలుకకు రుచి తెలిసింది ఆ రోజే. ఆ మాట ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి.

మర్నాడు సాయంత్రం ఇంటావిడ పైకి వచ్చింది.

"మా కుక్కర్ ఖరాబైంది అమ్మాయ్. ఎల్లుండి శ్రావణ శుక్రవారం, అమ్మవారికి శెనగలు ఉడకెయ్యాలె. మీది జర ఇయ్యరాదు?"

"అలాగేనండి ఆంటీ," అన్నాను. మా విజిల్స్ రోజూ ఆవిడ చెవిన పడేవే, లేదని ఎలా అంటాను?

ఆవిడ దిగిపోగానే మూత తీసి వాసన చూశాను. గిన్నె శుభ్రంగానే ఉంది, రబ్బరు మాత్రం నిన్ననే వండినట్టు గుప్పుమంటోంది. నిన్ననే వండాం మరి!

గురువారం క్లాసు మానేశాను. పొద్దున్నే సబ్బుతో తోమాను. నిమ్మతొక్కలు వేసి విజిల్స్ రప్పించాను. శనగపిండి, ఉప్పు పెట్టి రుద్దాను. తినే సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టాను. ఆవిడ బట్టలు ఆరేయడానికి పైకి వస్తుందేమోనని మెట్ల వైపు చూస్తూ డాబా గోడ మీద ఎండబెట్టాను. తీసి వాసన చూడటం, మళ్లీ మొదలుపెట్టడం. మధ్యాహ్నానికి బకెట్లో నీళ్లు అడుగంటాయి, మళ్లీ నీళ్లొచ్చేది రేపే. వాసన రబ్బరులో ఉందో నా ముక్కులోనే ఉందో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఎవరు చేయమన్నారీ పాయ, నేనడిగానా అని లోలోపల రుసరుసలాడుతున్నాను. తాగిన రెండు గిన్నెలూ అప్పుడు గుర్తు రాలేదు.

మూడింటికి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని రుద్దుతూ, పైకే అనేశాను.

"ఛీ ఛీ, ఎంత కడిగినా నీ కంపు పోదేంటి!"

వెనక్కి తిరిగితే ఆమె గుమ్మంలో ఉంది. నాకు సాయం చేద్దామని ఆఫీసులో అడిగి ముందే వచ్చేసింది. చేతిలో కవరు నిండా నిమ్మకాయలు.

"రబ్బరును అంటున్నా," అన్నాను గబగబా.

ఆమె నిమ్మకాయలు గూట్లో పెట్టి, నా చేతిలోని రబ్బరు తీసుకుని, విప్పని చెప్పులతోనే మళ్లీ కిందికి వెళ్లింది. అరగంటలో మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు నుంచి కొత్త రబ్బరు తెచ్చింది. పొద్దున్నుంచీ చచ్చేలా తోమానే గానీ కొత్తది కొనుక్కోవచ్చని నా మొద్దు బుర్రకు తట్టనేలేదు.

"ఇగో. దీనికి నా కంపు లేదు, ఇచ్చెయ్యి," అంది.

శుక్రవారం ఇంటావిడ గిన్నెడు శనగలు తాలింపు పెట్టి మా ఇద్దరికీ పైకి తెచ్చిచ్చింది. మీ కుక్కర్లో ఎంత మెత్తగా ఉడికాయో అని మెచ్చుకుంది. నా గదిలో అమ్మాయి దోసిలి పట్టి తీసుకుని, "మంచిగున్నయ్ ఆంటీ," అని తింది. నేను నా వాటా గిన్నెలోనే ఉంచేశాను.

గది నిలిచింది. కానీ ఆ రోజు నుంచి ఆమె నా కుక్కర్ ముట్టలేదు. తన అన్నం తను చిన్న గిన్నెలో విడిగా వార్చుకునేది. కూర పెడతానంటే ఆఫీసులో తిన్నాననేది. నా క్లాసుల గురించి అడిగేది, మందులు వేసుకున్నావా అనేది, నవ్వేది కూడా. ఇంకేమని నిలదీయను?

నెలాఖరుకు యూసుఫ్‌గూడలో వాళ్ల పిన్ని ఇంటికి మారిపోతున్నానని చెప్పింది. సామానంతా కలిపి ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట. ఆటోలో పెట్టించి, అప్పటికి ధైర్యం చేసి అన్నాను.

"ఆ రోజు నేను నిన్ను అనలేదు. ఒట్టు."

"నాకెరుకే," అంది నా చెయ్యి పట్టుకుని. "రబ్బరునే అన్నవ్ లే. నువ్వు మంచిగ తిను. ఇంకా బక్కగనే ఉన్నవ్."

ఆటో వెళ్లిపోయింది. మూడంతస్తులూ ఆగి ఆగి ఎక్కాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు పైదాకా ఎంత స్పష్టంగా వినిపిస్తుందో ఎనిమిది నెలలుగా నాకు తెలుసు. ఆ గురువారం మూడింటికి ఆమె చెప్పుల చప్పుడు విన్నాను. విన్నాకే ఆ మాట అన్నాను.