గొంగడి కప్పుకున్న గోబిగడ్డలు

ఆ రోజుల్లో సిద్దిపేటలో కోడలి చేతిలో పుస్తకం కనిపిస్తే, చూసినవాళ్లు ముందు వంటింట్లోకి తొంగిచూసేవారు, పాలు పొంగిపోయాయేమోనని. మా ఇంట్లో నిజంగానే పొంగేవి. అయినా నేను చదవడం మానలేదు. బడిలో నేర్చింది ఓనమాల వరకే గానీ, మా ఆయన పేరు మీద గ్రంథాలయం నుంచి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నేనే నమిలి మింగాను. (ఆయన తెచ్చేవారు, అంతే. తెరిచేవారు కాదు.)

ఒక ఏడు చలికాలం మొదలయ్యే ముందు అట్టలేని తోటపని పుస్తకం దొరికింది. చలికి ఓర్చుకునే కూరల గురించి చదివి, హైదరాబాదు నుంచి గోబిగడ్డ, అదే క్యాబేజీ, నారు తెప్పించి పెరట్లో పెట్టాను. చిక్కుడు, వంకాయ, గుమ్మడి తప్ప మా వాడకట్టు ఇంకోటి ఎరగదు. మంచు పడే రాత్రుల్లో మొక్కలకు ఉన్ని కంబళి కప్పాలని పుస్తకంలో ఉంది. అది ఏ దేశపు మంచో చెప్పే పేజీలు చిరిగిపోయాయి. మా ఇంట్లో ఉన్ని అంటే ఒక్కటే, మామ గొంగడి. అడిగితే ఆ మెత్తని మనిషి ఇచ్చేశాడు, "ఎండకాలమొస్తే గీటికి విసనకర్ర గూడ పట్టాలె గావచ్చు" అంటూ.

అత్తమ్మ మాత్రం భగ్గుమంది. "పెండ్లైనకాంచి గా గొంగడి నాకు ఒక్కపూట ఇయ్యలే. గోబిగడ్డకిచ్చిండు! ఓ పిల్లా, చలి పోయేలోపు గా కూర నా నోట్లె పడాలె. పడకపోతే నీ పుస్తకాలు బంద్!"

"పడతది అత్తమ్మా!" అన్నాను నేను కూడా తగ్గకుండా.

రోజూ పొద్దుగూకగానే కప్పేదాన్ని, ఎండ రాగానే తీసేదాన్ని. గడ్డలు కట్టాయి. ఇంకో వారంలో కోయొచ్చనగా, తెల్లవారుతూనే దొర గడి నుంచి జవాను వచ్చాడు. గడికి చుట్టాలొస్తే ఊళ్లో మంచి కూరంతా ఊరికే అటు పోవలసిందే. కిందటేడు అత్తమ్మ పెంచిన గుమ్మడికాయలు ఒక్కటి మిగలకుండా అలాగే పోయాయి.

"అవ్వా, మీ కోడలు ఏందో కొత్త కూర పెట్టిందటగద. ఏదీ?"

గడ్డలు పోతే పుస్తకాలూ పోయినట్టే. అత్తమ్మ మాత్రం రెప్ప వేయలేదు.

"గా కూరనా? ఎప్పుడో చచ్చింది. సదువుకున్న కోడలు పెట్టిన కూర బతుకుతదా, కొడుకా?"

(ఆ మాటకు తల వంచుకున్నాను, నవ్వు కనబడకుండా.)

జవాను చూపు పెరట్లో గొంగడి మీద పడింది. నాలుగు గడ్డల మీద కప్పిన ఆ గొంగడి, అచ్చం మోకాళ్లు ముడుచుకుని పడుకున్న మనిషిలాగే ఉంది.

"మరి గాడ పండుకున్నదెవరు?"

"మా ముసలాయన. చలిజరం. ఎండపొడ తగులుతదని పండవెట్టినం. దగ్గరికి పోకు, అంటుకుంటది."

సరిగ్గా అప్పుడే లోపల మామ దగ్గాడు. అలాంటిలాంటి దగ్గు కాదు, గొంగడి లేక నెలన్నర పడుకున్నవాడి దగ్గు.

"మరి గా దగ్గేదెవరు?"

"ముసలాయన అన్న. ఆయనకు గూడ అంటింది!"

మామకు అన్న లేడు. జవానుకు ఆ సంగతి తెలియదు. కండువాతో ముక్కు మూసుకుని, దడి మీద నాలుగు చిక్కుడుకాయలు తెంపుకుని వెళ్లిపోయాడు.

ఆ పూటే, ముదరకముందే, అత్తమ్మ కత్తిపీట పట్టుకుని నాలుగు గడ్డలూ కోసింది. శెనగపప్పు వేసి వండింది, తిన్నది, బాగుందని మాత్రం అనలేదు. చెయ్యి కడుక్కుంటూ మా ఆయనతో అంది: "ఈమెకు ఇంకో పుస్తకం తేరా. గొంగడైతే ఒక్కటే ఉన్నదని చెప్పు."

మన సిద్దిపేట చలికి గోబి చావదనీ, పైగా హాయిగా పెరుగుతుందనీ తర్వాత ఇంకో పుస్తకంలో చదివాను. అయినా ఇప్పటికీ ప్రతి చలికాలం నా కుండీల మీద మామ పాత గొంగడి ముక్క కప్పుతూనే ఉన్నాను. "ఇక్కడ మంచు పడదు నానమ్మా!" అని మనవరాలు నవ్వుతుంది. పడదని నాకు తెలియదా? మంచు కోసమే కప్పుతున్నానని ఎవరన్నారు?