చెంప మీది గులాబీ

మా ఇంట్లో బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చోవడం పెద్ద నేరం. మార్కులు తక్కువొస్తే రెండు మాటలని ఊరుకునే అమ్మ, చెంపకి చెయ్యి ఆనించామంటే మాత్రం గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేసేది. "ఎవరు పోయారని ఆ చెయ్యి? తియ్యి ముందు!" అని లాగిపారేసేది. లెక్క రాక బుర్ర గోక్కోవచ్చు, గోళ్లు కొరుక్కోవచ్చు. చెంపన చెయ్యి మాత్రం ఇంటికి అరిష్టం.

అలాంటి ఇంట్లో చెక్క బీరువా తలుపుకి లోపలివైపు ఒక బొమ్మ ఉండేది. నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో పనిచేసేవాడు. కొత్త మిషన్ అమ్మజూపడానికి వచ్చినవాళ్లు, ఎంత సన్నటి గీతయినా చెదరకుండా పడుతుందని చూపించడానికి ఆ బొమ్మని అచ్చువేసి ఇచ్చారట. మిషన్ కొన్నారో లేదో తెలియదు గానీ బొమ్మ మా ఇంటికొచ్చింది. ఇంత మంచి బొమ్మని గోడకి తగిలించకుండా బీరువాలో ఎందుకు పెట్టారని అడిగితే నాన్న నవ్వి అమ్మ వైపు చూసేవాడు. అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది.

బొమ్మలో రెక్కలున్న ఒక ఆడమనిషి రాతి మెట్టు మీద కూర్చుని ఉంటుంది. తలకి ఆకుల దండ, నడుముకి తాళాల గుత్తి, చిన్న సంచి, ఒక చేతిలో మా కంపాస్ బాక్సులో ఉండేలాంటి వృత్తలేఖిని. కాళ్ల దగ్గర రంపం, సుత్తి, మేకులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వెనక గోడకి తక్కెడ, గంట, ఇసుక గడియారం, అంకెలు వేసిన గళ్లు. ఒక తిరగలి రాయి మీద బుడ్డి రెక్కల పిల్లాడు కూర్చుని ఏదో గీకుతుంటాడు. పక్కనే బక్కచిక్కిన కుక్క. దూరంగా సముద్రం, దాని మీద ఇంద్రధనస్సు, రెక్కల మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలున్న గబ్బిలం. అది కంపెనీ పేరై ఉంటుందనేవాడు నాన్న. ఆవిడ చెంప దగ్గర మాత్రం ఒక ఎర్ర గులాబీ. మొత్తం నలుపు బొమ్మలో అదొక్కటే రంగు. ప్రెస్సువాళ్లు సరదాకి ఒక్క రంగు వేశారనుకున్నాం. మాసిపోతుందని అమ్మ ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు.

దాని అర్థమంతా నాకు చెప్పింది మా అక్క. ఆవిడ తన ఇల్లు తనే కట్టుకుందట. పని అయిపోయింది, పనిముట్లు కింద పడేసింది. గోడకి ఆనించిన నిచ్చెన మామిడాకులు కట్టడానికి. రేపు గృహప్రవేశం. అందుకే తీరుబడిగా గులాబీ వాసన చూస్తోంది. గళ్లలో అంకెల్ని అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూలల నుంచి కూడినా ముప్పై నాలుగే వస్తుందని కనిపెట్టింది కూడా అక్కే. "అదేంటక్కా?" అంటే, "ఇల్లు కట్టడానికి పట్టిన రోజులే మొద్దూ" అంది. ఆ సముద్రం సూర్యలంక. రెక్కలావిడ తను, గీకుతున్న పిల్లాడు నేను. "నువ్వు ఎక్కడికీ పోవు, నా పక్కనే కూర్చుని పలక పాడుచేస్తుంటావు" అనేది. అక్క నవ్వితే పక్క వాటాలో వాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్లు.

అక్క పెళ్లయి రేపల్లె వెళ్లింది. ముందుగదిలో మగ్గం వేసుకుని పెళ్లికూతుళ్ల జాకెట్లకి పూసలు, జరీ కుట్టేది. నేను ఉద్యోగం పేరుతో బాపట్ల చేరాను. అమ్మా నాన్నా పోయాక బీరువా నాతో వచ్చేసింది.

పోయిన వానాకాలం నుంచీ అక్క కుట్టడం మానేసింది. ఏమీ జరగలేదు. నష్టం లేదు, గొడవ లేదు, చావు లేదు. ఏదైనా జరిగి ఉంటే కనీసం దాన్ని తిట్టుకునేవాళ్లం. గుంటూరులో డాక్టరు గారి మందులు వాడుతోంది, నిద్రపడుతోంది, అన్నం తింటోంది. మగ్గం ముందు కూర్చుంటుంది గానీ సూది ముట్టుకోదు. సగం కుట్టిన నెమలి ఒకటి తోక లేకుండా అలాగే ఉండిపోయింది. కత్తెర, టేపు, సుద్దముక్క, పూసల డబ్బాలు చుట్టూ పెట్టుకుని చెంపన చెయ్యి ఆనించుకుని వీధిలోకి చూస్తూ ఉంటుంది. "దీపాలు పెట్టే వేళ ఆ చెయ్యేంటమ్మాయ్, తియ్యి" అంటుంది అత్తగారు. అక్క తీస్తుంది. కాసేపటికి చెయ్యి మళ్లీ అక్కడికే చేరుతుంది.

నేను సెలవు దొరికినప్పుడల్లా తెనాలిలో బండి మారి రేపల్లె వెళ్లేదాన్ని. వాగుడుకాయని కాబట్టి రెండు పూటలా వాగి, సాయంత్రం బండికి వచ్చేసేదాన్ని. మనిషి ఎదురుగానే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది. అయినా బండిలో కూర్చోగానే బెంగ మొదలయ్యేది. ఎదురుగా కూర్చున్న మనిషి కోసం బెంగపడటమంత కష్టం ఇంకోటి లేదు. నాకు మా అక్క కావాలి. మొద్దూ అని పిలిచే అక్క కావాలి.

ఒక ఆదివారం బీరువా సర్దుతూ ఊరికే ఆ బొమ్మని ఫోనుతో ఫొటో తీసి, ఇదేంటో వెతకమని ఫోన్నే అడిగాను. క్షణంలో అసలు బొమ్మ వచ్చింది. అందులో గులాబీ లేదు. ఆవిడ పిడికిలి బిగించి చెంపకి ఆనించుకుని కూర్చుంది. బీరువా దగ్గరికి పరుగెత్తి మొదటిసారి ఆ గులాబీని గోటితో తడిమాను. శుభలేఖలోంచి కత్తిరించి మైదా బంకతో అతికించిన పువ్వు అది. మా అమ్మ పనే. కింద కూర్చుని పడీపడీ నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను.

ఐదు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒకాయన రాగి రేకు మీద చెక్కిన బొమ్మట. గబ్బిలం రెక్కల మీద రాసింది కంపెనీ పేరు కాదు, దిగులు అని. తాళాలు అధికారానికి, నడుము దగ్గరి సంచి సంపదకి గుర్తులట. అన్నీ ఉండి, అన్ని పనిముట్లూ అందుబాటులో ఉండి చెయ్యి కదలని మనిషి ఆవిడ. ఆ దిగులు శనిగ్రహం వల్ల వస్తుందని అప్పట్లో నమ్మేవారట. దానికి విరుగుడుగానే గురుగ్రహం అంకెల గళ్లు గోడకి, నీటి మొక్కల ఆకులు తలకి పెట్టారని కొందరి మాట. అక్క అత్తగారు శనివారం శనివారం నువ్వుల నూనె దీపం పెట్టిస్తోంది. జర్మనీ అయినా రేపల్లె అయినా ఒకటే కంగారు.

డ్రాయింగ్ పిన్నులు ఊడదీసి బొమ్మని చుట్టగా చుట్టుకుని రేపల్లె వెళ్లాను. ఏమీ చెప్పకుండా మగ్గం మీద, ఆ తోకలేని నెమలి మీద పరిచాను. అక్క చాలాసేపు చూసింది. కుట్టుపని చేసిన వేళ్లు కదా, చూపుడువేలు గులాబీ అంచు మీద ఆగింది.

"ఇది అతికించిందే" అంది.

"ఊఁ."

"కాసిని నీళ్లు, దూది పట్రా."

దూదితో కొంచెం కొంచెంగా తడిపి, సన్న సూది అంచు కింద దూర్చి, ఊపిరి బిగబట్టి లేపింది. ఇన్ని నెలల్లో అక్క సూది పట్టుకోవడం అదే మొదలు. పువ్వుతో పాటు చెంప మీది నలుపు కొంచెం లేచిపోయింది. పిడికిలి మాత్రం చెక్కుచెదరలేదు. బొమ్మ పేరేంటో, నేను ఫోనులో చదివిందేంటో అప్పుడు చెప్పాను.

దీపం వేళయింది. అత్తగారు లోపలినుంచి వచ్చి, బొమ్మ మీదికి వంగి చూసింది. "అయ్యో, ఈవిడకేం కష్టం వచ్చిందమ్మా?" అంది.

అక్క అన్నాళ్లూ చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చున్నా అత్తగారి నోట ఆ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు.

"ఏ కష్టమూ రాలేదత్తయ్యా" అంది అక్క. "ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికేనే. ఎందుకో ఆవిడకీ తెలీదు."

అత్తగారు నెమ్మదిగా అక్క పక్కన చాప మీద చతికిలబడి మళ్లీ బొమ్మలోకే చూడసాగింది.

అక్క తడి గులాబీని అరచేతిలో పెట్టుకుంది. "మన చేతులు లాగిపారేసేది. ఈవిడ చెయ్యి లాగడం కుదరక పువ్వు పెట్టింది. పిచ్చి అమ్మ" అంది. నవ్వలేదు.

నేను అలవాటు కొద్దీ సంచి భుజానికి తగిలించుకున్నాను. "బండి వేళవుతోందక్కా."

అక్క బొమ్మలోని తిరగలి రాయి మీద వేలు పెట్టి చూపించింది. "వీడు ఎక్కడికీ పోడు. కూర్చో మొద్దూ."

కూర్చున్నాను. కాసేపటికి స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. అక్క చెయ్యి మళ్లీ చెంపకి చేరింది. నా చెయ్యి కూడా చేరిందని కాసేపటికి గానీ చూసుకోలేదు. ఎవరూ తియ్యమనలేదు.