నా ఒక్కడి మందు

మా ఆవిడ కంటే పద్నాలుగు నెలల ముందు నేను మందు మొదలుపెట్టాను. ఒకే ఇంట్లో ఒకే జబ్బుతో ఇద్దరం ఉన్నాం. నాకు ప్రభుత్వం మందిచ్చింది. ఆమెకి నేను దగ్గు టానిక్కు తెచ్చిచ్చాను. ఆ పద్నాలుగు నెలల గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఏదో ఒక వంక దొరికేది. ఈసారి వంకలు పెట్టకుండా రాస్తాను.

అప్పట్లో మేం ఆకివీడులో ఉండేవాళ్లం. నేనూ, మా ఆవిడా, రెండో తరగతి చదివే మా పాపా. చేపల మేత అమ్మే ఒక డీలరు దగ్గర నా ఉద్యోగం. పొద్దున్నే మోటారు సైకిలు మీద బయల్దేరి చెరువుల వెంట తిరగడం, నీళ్ల రంగు చూడటం, ఏ మేత ఎంత వెయ్యాలో రైతులకి చెప్పడం నా పని. చేపకి జబ్బు చేస్తే ముందే పసిగడతాడని నాకు పేరుండేది. అంత పెద్ద చెరువులో ఒక్క చేప ఒరిగి ఈదినా నా కంటికి ఆనేది.

కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది నాకు నడుం చుట్టూ సర్పి లేచింది. పొక్కులు, ఒకటే మంట. పక్కింటి పెద్దావిడ చెబితే మా ఆవిడ జాజు నూరి పట్టించింది. అది మానింది గానీ నెల తిరక్కుండా జ్వరాలు మొదలయ్యాయి. ప్యాంటు నడుం దగ్గర నిలవడం మానేసింది. ఊళ్లో డాక్టరు సర్పి మచ్చలు చూసి, నా మొహంలోకి చూడకుండా రక్తపరీక్షకి చీటీ రాశాడు. ఏ పరీక్షో చదువుకుని, ఊళ్లో చేయించుకోలేక తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు. ల్యాబులో వేరే పేరు చెప్పాను. రిపోర్టు వచ్చేదాకా ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాల మధ్య తిరిగాను. సాయంత్రం ల్యాబులో కుర్చీలో ఉన్నాయన మడతపెట్టిన కాగితం చేతికిచ్చి, "డాక్టరు గారికి చూపించండి" అన్నాడు. బస్టాండులో మడత విప్పాను. పాజిటివ్.

ఎక్కడ తెచ్చుకున్నానో నాకు తెలుసు. పెళ్లయి పాప పుట్టాక, కంపెనీ మీటింగులని విశాఖపట్నం వెళ్లి లాడ్జీల్లో ఉన్న రోజులున్నాయి. అంతకంటే వివరం అక్కర్లేదు.

మా డీలరు దగ్గరే నా కంటే ముందు పనిచేసిన ఒకాయన నాలుగేళ్ల కిందట ఇదే జబ్బుతో పోయాడు. మందులున్నాయని అప్పుడూ అనుకునేవారు. కానీ అవి కొనుక్కోగలిగిన వాళ్లవి. ఆయన మంచం మీదే ఎండిపోయి పోయాడు. నా వంతు వచ్చేసరికి కాలం మారింది. పెద్దాసుపత్రుల్లో ఆ మందులు ఉచితంగా ఇస్తున్నారు, ఏలూరులోనూ ఇస్తున్నారు. ఆకివీడు నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగొచ్చేయొచ్చు. నాలుగేళ్లు ఆలస్యంగా జబ్బు పడటం తప్ప నేను చేసిన గొప్పేం లేదు.

ఏలూరులో నన్ను ముందు కౌన్సిలరు గారి దగ్గర కూర్చోబెట్టారు. నలభై ఏళ్లావిడ, నెమ్మదస్తురాలు. రోగాన్ని ఆపే కణాలు నా ఒంట్లో తగ్గిపోయాయని, మాత్రలు పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి, ఒక్క పూట కూడా తప్పకుండా జీవితాంతం వేసుకోవాలని చెప్పింది. తర్వాత కలం పక్కన పెట్టింది.

"మీ ఆవిడకీ పాపకీ కూడా పరీక్ష చేయించాలండి. ఎప్పుడు తీసుకొస్తారు?"

"పుట్టింటికెళ్లిందండి" అన్నాను.

రెండో నెల, "వచ్చే నెల తీసుకొస్తానండి" అన్నాను. మూడో నెల ఆవిడ మళ్లీ అడిగింది. అప్పటికి బస్సులోనే జవాబు తయారు చేసుకున్నాను.

"బయట చేయించానండి. ఆవిడకీ పాపకీ లేదండి."

"మంచిదండి. కాగితం ఉందా?"

"ఇంట్లో ఉందండి."

ఆవిడ నా వంక కాసేపు చూసింది. "ఒక్కసారి లేదన్నా మళ్లీ చూడాలండి. ఈసారి ఇక్కడికే తీసుకురండి" అని ఫైల్లో ఏదో రాసుకుంది. ఆ తర్వాత ప్రతి నెలా అడిగేది. ప్రతి నెలా నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

మాత్రలు సీసాలోంచి తీసి, లేబులు చింపేసిన ఇంకో సీసాలో పోసేవాణ్ణి. నరాల బలహీనతకి డాక్టరు రాశాడని మా ఆవిడతో చెప్పాను. ఆ వంకతోనే ముందు గదిలో వేరే పడుకోవడం మొదలుపెట్టాను. ఆమెకి అంటకుండా కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికే అంటి ఉండొచ్చని తెలియనంత అమాయకుణ్ణేం కాదు. సాయంత్రం ఎనిమిదయ్యేసరికి ఆమె గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చేది. ఎప్పుడైనా నేను టీవీ చూస్తూ మర్చిపోతే, "ఏవండీ, మాత్ర" అని గుర్తు చేసేది. నా మందు ఒక్క పూటా తప్పలేదంటే అది ఆమె చలవే.

ఆర్నెల్లకి నేను తేరుకున్నాను. బుగ్గలొచ్చాయి. చెరువు గట్ల మీద రైతులు, "ఏంటండీ, పెళ్లికొడుకులా తయారయ్యారు!" అనేవారు. మా ఆవిడ సంబరపడి కొరమీను పులుసు పెట్టింది. తనేమో తగ్గిపోతోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నీళ్ల బిందె ఎత్తి, గుమ్మం దగ్గర దించి ఆయాసపడేది. దగ్గు పట్టుకుంది. నేను చూడలేదని రాస్తే అబద్ధం. చూశాను. చూసి, ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి టానిక్కు రాయించాను. అది తాగి ఆమె, "కాస్త నయంగానే ఉందండీ" అనేది. ఆ మాట నమ్మాలని నాకు చాలా ఉండేది.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఆమె అన్నదమ్ములు కొడతారనీ, ఉద్యోగం పోతుందనీ, పాపని బడిలోంచి తీసేస్తారనీ అనుకునేవాణ్ణి. అవన్నీ నిజం భయాలే. కానీ అసలుది అది కాదు. నన్ను మంచివాడని నమ్మే మనిషి ఆమె ఒక్కతే. ఆ నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టం లేక, ఆమె పోయినా పరవాలేదన్నట్టు బతికాను.

పన్నెండో నెల మందులకి వెళ్లినప్పుడు ఏలూరులో ఒక ముసలాయన కనిపించాడు. పరుపులు కుట్టే సాయిబు. బక్కచిక్కిన కూతుర్ని భుజానికి ఆనించుకుని బల్ల మీద కూర్చున్నాడు. నేను అలవాటు ప్రకారం మొహానికి రుమాలు కట్టుకుని, బల్ల చివర గోడ వైపు తిరిగి ఉన్నాను. ఆయన మాత్రం ఫైలు ఒళ్లో పెట్టుకుని, వచ్చిన ప్రతివాళ్లనీ పలకరిస్తున్నాడు.

"ఈ మాత్రలతో మనుషులు లేస్తారంటున్నారు, నిజమేనాండీ?" అని నన్నడిగాడు.

"లేస్తారండి. నేను లేచాను."

ఆయన కూతురి వైపు తిరిగి, "విన్నావా అమ్మా, ఈ బాబు కూడా నీలాగే ఉండేవాడంట" అన్నాడు. ఆ అమ్మాయి నన్ను చూసి కొంచెం నవ్వింది.

"ఇక్కడ ఎవరన్నా చూస్తారని భయం లేదాండీ?" అన్నాను.

"చూస్తే చూస్తారండీ. నాలుగు రోజులు అనుకుంటారు. పిల్ల పోతే ఇంకేం అనుకుంటారండీ, అయ్యో అని ఎవరింటికి వాళ్లు పోతారు." కూతురి తల భుజానికి సరిగ్గా ఆనించుకుని, "మీతో ఎవరూ రాలేదా బాబూ?" అన్నాడు.

"లేరండి."

రాలేదని అనాల్సింది. లేరని వచ్చింది నోట్లోంచి. ఆయన మొహం జాలితో నిండిపోయింది. "అయ్యో, ఇంట్లో ఎవరూ లేరా" అంటూ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. ఉప్మా. సగం మూత మీద పెట్టి నాకిచ్చాడు. వద్దన్నాను. ఊరుకోలేదు. "ఒంటరిగా ఉన్నవాళ్లు సరిగ్గా తినరండీ. తినండి" అన్నాడు. ఇంట్లో మా ఆవిడ దగ్గుతూ నాకోసం వండుతోంది. నేను ఎవరూ లేనివాణ్ణని చెప్పుకుని ఆ రోగి పిల్ల ఎదురుగా కూర్చుని ఆ పిల్ల డబ్బాలోది తిన్నాను.

ఆ రోజు బస్సులో, ఇంటికెళ్లగానే చెప్పేయాలనుకున్నాను. చెప్పలేదు. ఇంకా రెండు నెలలు చెప్పలేదు.

చివరికి చెప్పే అవకాశం నాకు మిగల్లేదు. ఒక ఉదయం పాపకి జడ వేస్తూ వేస్తూ మా ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. దగ్గితే రక్తం పడింది. కారు మాట్లాడుకుని ఏలూరు తీసుకెళ్లాను. ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. టీబీ అన్నారు. టీబీ ఉన్నవాళ్లకి నా జబ్బుకి చేసే పరీక్ష కూడా చేస్తామని అప్పుడే రక్తం తీసుకున్నారు. నేను వద్దనలేదు, సరే అనీ అనలేదు. మర్నాడు ఇద్దర్నీ ఒక గదిలోకి పిలిచారు. బల్ల వెనక ఆ కౌన్సిలరు గారే ఉంది.

నన్ను చూసి, "మీరా?" అంది.

మా ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మా వారు మీకు తెలుసా అండీ?"

కౌన్సిలరు గారు ముందు మా ఆవిడ చెయ్యి పట్టుకుని, రిపోర్టు సంగతి చెప్పి, మందుందని, బతుకుతావని రెండుసార్లు చెప్పింది. తర్వాత నాతో, "మిగతాది మీరు చెప్పాలండి. నేను చెప్పకూడదు" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మా ఆవిడ ఏడవలేదు.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"పద్నాలుగు నెలలు."

"ఆ నరాల మాత్రలు ఇవేనా?"

తలూపాను.

"రోజూ నీళ్లు నేనే ఇచ్చాను కదండీ" అంది.

అంతే. ఆమె గట్టిగా తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత అనుకున్నాను. అది కూడా నా సుఖం కోసమే.

మర్నాడు పాపకి పరీక్ష చేయించాం. ఆ రిపోర్టు కోసం మూడు గంటలు వరండాలో నిలబడ్డాను. మా ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుంది. లేదన్నారు. ఆమె అప్పుడు ఏడ్చింది.

రెండు వారాలు టీబీ మందు వాడాక, ఈ మాత్రలు మొదలుపెట్టారు. ఆమె కణాల లెక్క నాది మొదట్లో ఉన్నదానికంటే చాలా తక్కువ. ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే టీబీ దాకా రాకపోయేదేమోనని డాక్టరు గారు మామూలుగా, ఎవర్నీ అనకుండా అన్నారు. వాళ్ల అన్నయ్య వచ్చి ఆమెనీ పాపనీ దెందులూరు దగ్గర వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. నన్ను కొట్టలేదు. మొహం కూడా చూడలేదు.

ఆమె అక్కడున్న ఐదు నెలలూ మా అమ్మ మండవల్లి నుంచి వచ్చి నాకు వండి పెట్టింది. ఏలూరు సంగతి ఎలాగో ఆవిడ చెవిన పడింది. నేను పుష్టిగా ఉన్నాను, మా ఆవిడ మంచాన పడింది. కాబట్టి మా అమ్మకి లెక్క తేలిపోయింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఆ మాయదారి రోగం అదే తెచ్చి నీకంటించింది నాయనా. నా కొడుకు బంగారం" అంది.

నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. పెరుగు వేయించుకుని లేచాను. ఆ మాట మా చుట్టాలందరికీ పాకింది. కొన్నాళ్లకి దెందులూరు దాకా కూడా వెళ్లింది. పద్నాలుగు నెలల్లో చేసినదానికి భయం అన్న వంకైనా ఉంది. దీనికి ఏమీ లేదు.

నా మందుల రోజుని మార్పించుకుని, ఆమె వచ్చే రోజునే ఏలూరు వెళ్లేవాణ్ణి. ఆమె అవతలి బల్ల మీద కూర్చునేది. నెలనెలా కొంచెం తేరుకోవడం దూరం నుంచి చూసేవాణ్ణి. నాలుగో నెలలో తనంతట తనే మెట్లెక్కింది. ఆ సాయిబు గారు మాత్రం మళ్లీ కనిపించలేదు. ఆయన కూతురు ఏమైందో ఎవర్నీ అడగలేకపోయాను.

వేసవి సెలవులు అయ్యాక ఆమె పాపతో ఆకివీడు వచ్చేసింది. "పాప బడి కోసం వచ్చానండీ" అంది. నేనేమీ ఊహించుకోకూడదన్నట్టు చెప్పింది. ఇద్దరి సీసాలూ, లేబుళ్లతో సహా, వంటింటి గూట్లో అందరికీ కనిపించేలా పెట్టింది. నా నీళ్లు నేను తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఆ ఏడే మా అమ్మకి ఒంట్లో బాగోలేదంటే ముగ్గురం మండవల్లి వెళ్లాం. మా అమ్మ నాకు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. పాపకి స్టీలు గ్లాసులో పాలిచ్చింది. మా ఆవిడకి కాగితం గ్లాసు ఇచ్చింది. ఎక్కడో పెళ్లిలో మిగిలిన గ్లాసులు. మా ఆవిడ దాన్ని అందుకుని, "ఎలా ఉందండీ అత్తయ్యా ఒంట్లో?" అని మామూలుగానే అడిగింది. ఆమె చేతిలో ఆ గ్లాసు వేడికి మెత్తబడుతోంది.

"అమ్మా" అన్నాను. "ముందు నాకొచ్చింది. నావల్లే దీనికి అంటింది. మందు కూడా నేనొక్కణ్ణే ఏడాది పైన వాడుకుని, దీనికి చెప్పలేదు."

మా అమ్మ నన్ను చూసింది. ఆ తర్వాత పాపని చూసింది. "ఊరుకో, గోడలకి చెవులుంటాయి" అంది. లేచి లోపలికెళ్లింది. ఇంకో గ్లాసు తెస్తుందేమో అనుకున్నాను. తేలేదు.

తిరుగు బస్సులో పాప మా ఇద్దరి మధ్య నిద్రపోయింది. కైకలూరు దాటేదాకా మా ఆవిడ కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చుంది. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. అలా ఎదురుచూస్తున్నందుకు నాకే సిగ్గేసింది.

"పాపకి సోమవారం లెక్కల పరీక్షండీ. గళ్ల నోటుపుస్తకం కొనాలి" అంది.

"బస్టాండు దగ్గర దొరుకుతుంది" అన్నాను.

ఆకివీడులో దిగి, కొన్నాం.