ఊరికే వచ్చిన కోటేశ్వరరావు

అది 2023 వేసవి. జగ్గయ్యపేట దాటాక హైవే పక్కనున్న ఒక కంకర క్రషర్‌లో నేను ప్లాంట్ మేనేజర్‌ని. నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు ఎవరో ఒకరు తలుపు తోసుకుని రావడమే. సాయంత్రానికి ఒళ్ళు హూనమయ్యేది, చేసిన పనేమిటంటే మాత్రం గుర్తొచ్చేది కాదు. మా ఓనరు గారు చూసి చూసి నన్ను విజయవాడలో టైమ్ మేనేజ్‌మెంట్ ట్రైనింగుకి పంపించారు.

అక్కడ ప్రయారిటీ మ్యాట్రిక్స్ అని ఒకటి నేర్పారు. అంటే పనులన్నిటినీ నాలుగు గడుల్లో వేసుకోవాలి. ముఖ్యమూ, అర్జంటూ రెండూ అయినవి మొదటి గడి. రెండూ కానివి నాలుగో గడి, వాటి మొహం చూడక్కర్లేదు. నాకు జ్ఞానోదయం అయిపోయిందనుకున్నాను. తిరిగి రాగానే కేబిన్ బయట ఒక రిజిస్టరు పెట్టించాను: పేరు, పని, ఎన్ని నిమిషాలు కావాలి. రిసెప్షన్‌లో ఉండే అనూష అవి రాసుకుని స్లాటు ఇవ్వాలి.

"సార్, టీ తెచ్చే బాబాయికి కూడా రాయమంటారా?" అని మొదటి రోజే అడిగింది. టీ ఏ గడిలోకి వస్తుందో ట్రైనింగులో చెప్పలేదు.

అయినా రెండు వారాలు హాయిగా గడిచాయి. ఆగిపోయిన రిపోర్టులన్నీ పూర్తయ్యాయి. ఓ సాయంత్రం రిజిస్టరు తిరగేస్తుంటే కోటేశ్వరరావు పేరు నాలుగు చోట్ల కనపడింది. ఆయన మా లోడర్ డ్రైవరు. లోడర్ అంటే రాయిని ఎత్తి క్రషర్ నోట్లో పోసే బండి. 'పని' అన్నచోట నాలుగుసార్లూ 'ఊరికే' అని ఉంది.

"ఊరికే వచ్చినవాళ్ళకి స్లాటు వద్దన్నారు కదండీ, పంపించేసా," అంది అనూష. మంచి పని చేశావన్నాను.

మర్నాడు పదకొండింటికి క్రషర్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను లేచేలోపే కోటేశ్వరరావు స్లాటూ గీటూ లేకుండా లోపలికొచ్చి లోడర్ తాళాలు నా బల్ల మీద పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటయ్యా ఇది? బయట లారీలన్నీ నిలబడిపోయాయి!"

"ఇందాక రివర్సు చేస్తుంటే వెనకాల మరియమ్మ ఉందండీ. గట్టిగా అరిచింది కాబట్టి ఆగా. నాకు కనపళ్ళేదు. కుడికన్ను మసకేసి నెల దాటిందండీ."

మరియమ్మ యార్డులో రాలిన కంకర ఊడ్చే మనిషి. నా కోపమంతా భయమైపోయింది.

"ముందే చెప్పాలి కదా!"

"నాలుగుసార్లు వచ్చా కదండీ."

"ఊరికే అని రాయించావేంటి మరి?"

"ఇంకేం రాయించమంటారండీ? కన్ను కనపట్టంలేదని ఆ పుస్తకంలో రాయిస్తే సాయంత్రానికి యార్డంతా తెలిసిపోద్ది. రేపట్నుంచి నన్ను బండెవరు ఎక్కనిస్తారు? ఊరికే అంటే లోపలికి పిలిచి, ఏంటి సంగతి అని మీరే అడుగుతారనుకున్నా."

నిజమే. మా వైపు ఎవరూ అసలు సంగతి గుమ్మంలో చెప్పరు. పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు కూడా ముందు ఊరికే వచ్చామనే అంటారు. నేనూ అంతే. ఈ ముక్క తెలిసుండీ నా బుర్రకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఆయనకు శుక్లం ఆపరేషన్ చేయించాం. చూపు కుదుటపడేదాకా లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టాం. రిజిస్టరు తీయించేశాను. వారం తిరక్కుండానే కేబిన్ మళ్ళీ సంతలా తయారైంది, రిపోర్టులు మళ్ళీ ఆగిపోయాయి. తప్పు రిజిస్టరుదా, నాదా? తేల్చుకోలేక మళ్ళీ పెట్టించాను, 'పని' అన్న చోటు మాత్రం కొట్టేయించాను. అది చాలునో లేదో తెలియదు.

తెలిసిందల్లా ఒక్కటే. నాలుగుసార్లూ నా గుమ్మం నుంచి వెనక్కి తిరిగి ఆయన తిన్నగా వెళ్ళి బండే ఎక్కాడు. నేను హాయిగా పని చేసుకున్నాననుకున్న ఆ రెండు వారాలూ ఆయన ఒంటికన్నుతో లోడర్ నడిపాడు, దాని వెనకాలే మరియమ్మ ఊడ్చుకుంటూ ఉంది.