ఫ్యాను తిప్పిన మాస్టారు

అమలాపురంలో మాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారికి పెద్దమనుషులు కనబడితే నడుం దానంతటదే వంగిపోయేది. నోట్లోంచి "ఆయ్, ఆయ్" తప్ప మరో మాట వచ్చేది కాదు.

సైన్స్ ఎగ్జిబిషన్‌కి మేం కరెంటుతో గాల్లోకి మెరుపులు పుట్టించే టెస్లా కాయిల్ చేసేం. కింద రెండు బోల్టుల మధ్య పుట్టిన నిప్పురవ్వ వెంటనే ఆరిపోవాలి. ఆరకపోతే పైన మెరుపు రాదు. ఎన్ని చేసినా ఆరలేదు. చివరికి ఆ సందులోకి గాలి కొట్టేలా టేబుల్ ఫ్యాను పెడితే, జానెడు మెరుపులు లేచేయి.

ముఖ్య అతిథి వచ్చి చెమట తుడుచుకున్నారు. మాస్టారు చటుక్కున ఫ్యాను ఆయన వైపు తిప్పేసేరు. ఫిజిక్స్ చదివిన మనిషే మరి! రవ్వ ఆరకుండా బోల్టులకి అతుక్కుపోయింది. పైన మెరుపు పోయింది.

"మాస్టారూ, ఫ్యాను!" అన్నాను.

"నోర్ముయ్. అయ్యగారికి ఉక్కపోస్తోంది."

అతిథి గాలికి కళ్లు మూసుకుని, "చాలా బాగుందండీ మీ ప్రయోగం," అన్నారు.

"ఆయ్," అన్నారు మాస్టారు.